ఎనిమిది ఛానెళ్ల సెట్లను తుక్కులో వేయకండి: కర్నూలు జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి, వరదొస్తే గట్ల మీద, రోడ్ల మీద ఉండాల్సిన రెవెన్యూ, జలవనరులు, అగ్నిమాపక, వైద్య శాఖల అధికారులకు నమస్కారం.

నేను కర్నూలులో వైర్‌లెస్ సెట్లు బాగుచేసే మెకానిక్‌ని. జీపుల్లో, అంబులెన్సుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల గనుల బండ్లలో బిగించే, రేడియో తరంగాలతో మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ సెట్ల మీదే నా సంసారం నడుస్తోంది. మిమ్మల్ని అడగాలనుకున్నది ఒక్కటే. పాత వెహికల్ సెట్లను "ఛానెళ్లు చాలవు" అన్న కారణంతో కండెమ్ చేయమని, అంటే పనికిరావని తేల్చి తుక్కుకు పంపమని, ఫైలు మీ బల్ల మీదికి వస్తే, సంతకం పెట్టకముందు ఆ సెట్లను ఒకసారి టెస్ట్ బెంచ్ (పరీక్షించే బల్ల) ఎక్కించండి. వాటిలో చాలావాటికి ఛానెళ్లు పెంచుకునే వీలుంది. పెంచాక ఏ ఛానెల్లో ఏం పెట్టాలన్నది మాత్రం మెకానిక్ తేల్చేది కాదు, మీరు తేల్చాల్సింది.

ఈ మధ్య ఒక కార్యాలయం వేలం పెట్టిన పాత సామాను కుప్పలో అలాంటి సెట్లు చూశాను. కార్యాలయం పేరు అనవసరం, పద్ధతి అన్నిచోట్లా ఇంచుమించు ఇంతే. కొన్నింటికి మైకు వైరు తెగిపోయింది, కొన్నింటికి ఫ్యూజ్ హోల్డర్ తుప్పు పట్టింది. పన్నెండు వోల్టుల బ్యాటరీ తగిలిస్తే చాలావరకు పలికాయి. కాగితంలో మాత్రం కారణం ఇలా ఉంది: ఎనిమిది ఛానెళ్లు మాత్రమే, ప్రస్తుత అవసరాలకు సరిపోవు. రాసినాయన అబద్ధం రాయలేదు. ఎనిమిది నిజంగానే చాలవు. కానీ అది సెట్టు చచ్చిపోయిందని చెప్పడానికి కారణం కాదు.

ఎనిమిది ఎందుకు చాలవో ముందు చెబుతాను. బయటివాళ్లకు ఎనిమిదంటే ఎక్కువే అనిపిస్తుంది. జీపులో ఉన్న సెట్టు నేరుగా ఇంకో జీపుతో మాట్లాడాలంటే మధ్యలో గుట్ట, ఊరు, చెట్లు అడ్డం. వీహెచ్‌ఎఫ్ తరంగాలు ఇంచుమించు కంటికి కనిపించే దారిలోనే పోతాయి. అందుకే ఎత్తున రిపీటర్ పెడతారు. మన ఊరికైతే జగన్నాథగట్టు లాంటి చోటు. రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో విని, ఇంకో ఫ్రీక్వెన్సీలో అదే మాటను మళ్లీ పంపుతుంది. సెట్టులో ఒక ఛానెల్ అంటే ఈ రెండు ఫ్రీక్వెన్సీలు, వాటితోపాటు రిపీటర్ తలుపు తెరిచే చెవికి వినిపించని టోన్. ఆ టోను 67 హెర్ట్జ్ నుంచి 250 హెర్ట్జ్ దాకా ఉండే ఒక సన్నని మూలుగు. అది తప్పితే మీరెంత గట్టిగా అరిచినా రిపీటర్ పలకదు.

మరి రిపీటర్‌కే కరెంటు పోతే? అప్పుడు సెట్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవాలి. దానికి ఇంకో ఛానెల్ కావాలి. మా వాళ్లు దాన్ని డైరెక్ట్ అంటారు. అంటే ఒక్కో రిపీటర్‌కు రెండేసి ఛానెళ్లు. నాలుగు రిపీటర్లు పెట్టేసరికే ఎనిమిది నిండిపోయాయి. పక్క జిల్లాతో మాట్లాడేదానికి చోటు లేదు, అంబులెన్సుకు విడిగా చోటు లేదు. పైగా 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరే జిల్లా అయింది. శ్రీశైలం అటు వెళ్లింది. నది మాత్రం జిల్లాలు చూసి పారదు. తుంగభద్రకు ఇటు మనం, అటు తెలంగాణలో అలంపూర్, రాజోలి. ఎగువన కర్ణాటక. సుంకేసుల బ్యారేజీ దగ్గర నిలబడిన ఇంజనీరు ఒకే సెట్టులో ఇన్ని వైపులతో మాట్లాడాలంటే ఎనిమిది ఏ మూలకు సరిపోతాయి?

2009 అక్టోబర్ 2 గురించి ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చాయి. శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద చేరింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. ఆమధ్య 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాలను అప్రమత్తం చేశారు. ఆ రాత్రి ఫోన్లు పనిచేశాయి కాబట్టి సరిపోయింది. పనిచేయని రాత్రి కోసమే కదా ఈ సెట్లు.

ఇక సెట్టు లోపలి సంగతి. ఇది కొంచెం విపులంగా రాస్తాను, ఎందుకంటే ఫైళ్లు ఇక్కడే తప్పుదారి పడుతున్నాయి.

మరీ పాతకాలం సెట్లలో ఒక్కో ఛానెల్‌కు ఒక్కో జత క్రిస్టల్ (ఫ్రీక్వెన్సీని నిలబెట్టే చిన్న స్ఫటికం) ఉండేది, ఒకటి మాట పంపడానికి, ఒకటి వినడానికి. ఛానెల్ పెంచాలంటే కొత్త క్రిస్టళ్లు కోయించి తెప్పించాలి, వాటిని దించడానికి సాకెట్ ఖాళీ ఉండాలి. అలాంటి సెట్లు ఇంకా ఎక్కడైనా ఉంటే వాటిని కండెమ్ చేయండి, నాకు అభ్యంతరం లేదు. తర్వాత వచ్చిన సింథసైజర్ సెట్ల కథ వేరు. వాటిలో ఒకే ఒక రిఫరెన్స్ క్రిస్టల్ ఉంటుంది. మిగతా ఫ్రీక్వెన్సీలన్నీ లెక్కతో పుడతాయి. ఏ లెక్క వేయాలో ఒక చిన్న మెమరీ చిప్‌లో రాసి ఉంటుంది. సెట్టుకు ఎన్ని ఛానెళ్లు అన్నది చాలా మోడళ్లలో ఆ రాతను బట్టే. లోపలి రేడియో భాగానికి ఎనిమిదో పదహారో తెలియదు.

మన దేశంలో బాగా తిరిగిన మోటరోలా జీఎం300 ఇందుకు మంచి ఉదాహరణ. అదే చాసిస్, అదే పెట్టె. ఎనిమిది ఛానెళ్ల రకం, పదహారు ఛానెళ్ల రకం అని రెండుగా అమ్మారు. ఎనిమిది రకాన్ని పదహారు చేయవచ్చని ఈ పని తెలిసిన వాళ్లందరికీ తెలుసు. మామూలు ప్రోగ్రామింగ్ మెనూలో ఆ వీలు కనిపించదు. సెట్టు తానేమిటని చెప్పుకునే మోడల్ సమాచారాన్ని మెమరీలో మార్చాలి. మార్చాక మిగతా ఎనిమిది వరుసలు తెరుచుకుంటాయి. దీనికి సోల్డరింగ్ అక్కర్లేదు, కొత్త బోర్డు అక్కర్లేదు. అయితే అన్ని కంపెనీల అన్ని మోడళ్లూ ఇలాగే లొంగుతాయనుకోవద్దు. కొన్నింటిలో మెమరీ చిప్పే చిన్నది, పెద్దది దించాలి. కొన్నింటిలో ముందు ప్యానెల్ నాబ్‌కు ఎనిమిది నొక్కులే ఉంటాయి, లోపల పదహారు పెట్టినా చెయ్యి అందదు. అందుకే బెంచ్ ఎక్కించమంటున్నాను. కాగితం చూసి అన్నింటినీ ఒకే కట్ట కట్టొద్దు.

ఈ పనికి కావాల్సిన సరంజామా వింటే నవ్వొస్తుంది. ఆ సెట్ల ప్రోగ్రాం పాతకాలపు కంప్యూటర్ వ్యవస్థ అయిన డాస్‌లో నడుస్తుంది. దాన్ని ఆర్‌ఎస్‌ఎస్ అంటారు. కొత్త ల్యాప్‌టాప్ మరీ వేగంగా ఉండి ప్రోగ్రాం టైమింగ్ చెడగొడుతుంది, రాత సగంలో ఆగితే సెట్టు మొండికేస్తుంది. యూఎస్‌బీ వైరును డాస్ గుర్తుపట్టదు. కాబట్టి వెనక అసలైన సీరియల్ పోర్టు ఉన్న ముసలి కంప్యూటర్ కావాలి. దానికీ సెట్టుకూ మధ్య రిబ్ బాక్స్ అనే చిన్న పెట్టె. సీరియల్ పోర్టు పలికే వోల్టేజీని సెట్టు తట్టుకునే ఐదు వోల్టులకు దించడం దాని పని. మీ కార్యాలయాల్లో వేలానికి సిద్ధంగా ఉన్న పాత కంప్యూటర్లు కూడా పారేయకండని అడగాలనిపిస్తోంది, అది వేరే లేఖ.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. టెండరు పిలిస్తే తక్కువ ధరకు వచ్చేవాళ్లు ఒక పని చేస్తారు. ఒక సెట్టును సరిగ్గా చేసుకుని, దాని మెమరీ మొత్తాన్ని మిగతా అన్నింటిలోకి గుడ్డిగా దించేస్తారు. పని ఒక పూటలో అయిపోతుంది. కానీ ఆ మెమరీలో ఛానెళ్లొక్కటే ఉండవు. ఆ సెట్టు పవరు ఎంత, మాట వెడల్పు (మాట్లాడేటప్పుడు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే డీవియేషన్) ఎంత, రిఫరెన్స్ క్రిస్టల్ ఎంత పక్కకు జరిగిందో సరిచేసే విలువ ఎంత, అన్నీ అందులోనే. ఫ్యాక్టరీలో ఒక్కో సెట్టును విడివిడిగా కొలిచి రాసిన అంకెలవి, మనిషి వేలిముద్రల్లాగా ఏ సెట్టువి దానివే. ఒకదానివి ఇంకోదాంట్లో దించితే సెట్టు పలుకుతుంది, లైటు వెలుగుతుంది, ఫ్రీక్వెన్సీ మాత్రం కొంత పక్కన పడుతుంది. 160 మెగాహెర్ట్జ్ దగ్గర పది లక్షల్లో ఐదు భాగాల తేడా అంటేనే 800 హెర్ట్జ్. దగ్గర్లో బాగానే వినిపిస్తుంది. దూరం పోయేకొద్దీ గొంతు బొంగురుపోతుంది. అప్పుడు "పాత సెట్లు, అంతే" అంటారు. కాబట్టి టెండరు షరతుల్లో ఇలా రాయించండి: ప్రతి సెట్టు పాత మెమరీని ముందుగా విడిగా సేవ్ చేసి, ఆ ఫైళ్లు శాఖకు అప్పగించాలి, ప్రతి సెట్టు ఫ్రీక్వెన్సీ, పవరు, డీవియేషన్ కొలిచి చీటీ అంటించాలి.

ఛానెళ్లు పెరిగినంత మాత్రాన మారనివి కొన్నున్నాయి. సెట్టు ఏ బ్యాండులో పనిచేస్తుందన్నది మారదు. జీఎం300 వీహెచ్‌ఎఫ్‌లో 136 నుంచి 162 మెగాహెర్ట్జ్ రకం ఒకటి, 146 నుంచి 174 రకం ఒకటి. మీ ఫ్రీక్వెన్సీ 165లో ఉంటే మొదటి రకానికి ఎన్ని ఛానెళ్లు పెట్టినా దండగే. రెండోది మాట వెడల్పు. పాతవి 25 కిలోహెర్ట్జ్ ఛానెళ్ల కోసం చేసినవి, వాటి డీవియేషన్ ఐదు కిలోహెర్ట్జ్. ఇప్పటివి 12.5 కిలోహెర్ట్జ్, డీవియేషన్ రెండున్నర. వెడల్పు సెట్టు ఇరుకు ఛానెల్లో మాట్లాడితే పక్కవాళ్ల మీద పడుతుంది, వినేవాళ్లకు మాట చిరిగినట్టుంటుంది. ఇరుకు సెట్టు మాట వెడల్పు సెట్టులో పీలగా వస్తుంది. కొన్ని మోడళ్లలో దీన్ని ప్రోగ్రాంలోనే మార్చొచ్చు, కొన్నింటిలో లోపలి ఫిల్టర్ మార్చాలి, కొన్నింటికి ఆ ఖర్చు గిట్టదు. ఆ గిట్టనివాటిని నిశ్చింతగా తుక్కుకు పంపండి.

"అంతా డిజిటల్ అవుతుంటే ఈ అనలాగ్ గోల దేనికి" అని ఒక అధికారి నాతో అన్నారు. న్యాయమైన ప్రశ్నే. డీఎంఆర్ అనే డిజిటల్ పద్ధతి సెట్లు పాత పద్ధతైన అనలాగ్‌లో కూడా పలుకుతాయి. కొత్త సెట్టులో ఒకటి రెండు ఛానెళ్లు అనలాగ్‌కు వదిలితే అది పాత సెట్టుతో హాయిగా మాట్లాడుతుంది. కొత్తవి కొనొద్దని నేననడం లేదు. కొత్తవి తహసీల్దార్ జీపుకు వెళ్తే, పాతవి పడవకు, ట్రాక్టరుకు, పునరావాస కేంద్రంగా మారిన బడికి వెళ్లొచ్చు. వరదప్పుడు ఒక్క సెట్టు తక్కువైనా ఒక మనిషి మోటారుసైకిల్ మీద కబురు మోయాల్సి వస్తుంది.

ఇంకొందరు ఆన్‌లైన్లో చవగ్గా వాకీటాకీలు వస్తున్నాయి, అవి కొంటే పోయె అంటారు. లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2018లో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు వదిలారు. అందులో శక్తి అర వాటు. కొండారెడ్డి బురుజు చుట్టూ ఊరేగింపు చూసుకోవడానికి సరిపోతుంది. సుంకేసుల నుంచి కలెక్టరేటుకు మాట్లాడటానికి కాదు. అనుమతి లేని సెట్లు ఆన్‌లైన్లో అమ్ముతున్నారనే 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ అమ్మకాల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ప్రభుత్వ కార్యాలయమే అలాంటివి కొనిపెట్టుకుంటే బాగుండదు.

ఇప్పుడు మీ వంతు పని. పదహారు ఛానెళ్లు తెరిచి ఇస్తే అందులో ఏం పెట్టాలని అడిగితే ఇప్పటిదాకా నాకు సరైన జవాబు ఇచ్చిన కార్యాలయం లేదు. "మాది పెట్టు చాలు" అంటారు. ప్రతి శాఖా తనది ఒకటో నంబరులో పెట్టుకుంటుంది. అగ్నిమాపక వాహనంలో ఒకటి అంటే ఒక ఫ్రీక్వెన్సీ, అంబులెన్సులో ఒకటి అంటే ఇంకోటి. రాత్రి పూట వానలో "ఒకటికి రండి" అని ఎవరో అంటే ఎవరి ఒకటికి వాళ్లు పోతారు. అందుకని జిల్లా మొత్తానికి ఒకే ఛానెల్ పట్టీ తయారు చేయించండి. ఒకటి జిల్లా ఉమ్మడి రిపీటర్, రెండు దాని డైరెక్ట్, ఆ రెండూ ఏ శాఖ బండిలోనైనా అవే ఉండాలి. ఆ తర్వాత శాఖల సొంతవి. చివరి నాలుగైదు నంద్యాల, అనంతపురం, నది అవతలి గద్వాల వైపు అధికారులతో మాట్లాడుకునేందుకు, ఆ జిల్లాల వాళ్లతో మాట్లాడి వాళ్ల ఒప్పుదలతో. పట్టీని తెలుగులో అచ్చువేసి, ల్యామినేషన్ చేయించి, ప్రతి బండిలో డ్రైవరు తల పైన ఎండ అట్టకు అంటించండి. ఇంత చెప్పాక ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ పట్టీ లేని పదహారు ఛానెళ్ల కంటే పట్టీ ఉన్న నాలుగు ఛానెళ్లు మేలు.

స్కాన్ గురించి కూడా పట్టీలోనే రాయించండి. పదహారు తెరవగానే కుర్రాళ్లు పదహారూ స్కాన్‌లో పెడతారు. సెట్టు ఒక్కొక్క ఛానెల్ తలుపు తట్టుకుంటూ చుట్టి వచ్చేసరికి మొదటి రెండు మాటలు పోతాయి. ఆ రెండు మాటలే ఊరి పేరు అవుతాయి. ఉమ్మడి ఛానెల్, తన శాఖ ఛానెల్, ఈ రెండే స్కాన్‌లో ఉంటే చాలు.

లైసెన్సు మాట. ఛానెల్ ఖాళీ ఉంది కదా అని దొరికిన ఫ్రీక్వెన్సీ దాంట్లో పెట్టడానికి లేదు. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం కేటాయించిన ఫ్రీక్వెన్సీలే పెట్టాలి, ఆ లైసెన్సులో ఎన్ని సెట్లని రాసి ఉందో అన్నే వాడాలి. ఇంకో శాఖ ఫ్రీక్వెన్సీ మీ సెట్టులో ఉండాలంటే ఆ శాఖ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. సెట్టులో చేసిన మార్పు కూడా స్టాక్ రిజిస్టరులో సీరియల్ నంబరుతో సహా ఎక్కాలి. నా దగ్గరికి "ఫలానా పోలీసు ఫ్రీక్వెన్సీ కూడా వేసెయ్, ఊరికే వింటాం" అని వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లను తిప్పి పంపడం నాకు అలవాటే, కానీ అందరు మెకానిక్‌లూ అలా ఉంటారని హామీ ఇవ్వలేను. ఆదేశం మీ వైపు నుంచి కాగితం మీద వస్తే మాకూ ధైర్యం.

ఎన్ని ఛానెళ్లు పెంచినా బండిలో బిగించే పని పాడైతే అన్నీ వృథా కాబట్టి ఇంకో రెండు మాటలు. జీపు, బొలెరో పన్నెండు వోల్టులు. పెద్ద టిప్పర్లు, లారీలు ఇరవై నాలుగు. అత్యవసరంలో గని నుంచి టిప్పరు తెప్పించి జీపు సెట్టు తీసి అందులో పెడితే ఒక్క క్షణంలో పొగ వస్తుంది, మధ్యలో కన్వర్టర్ ఉండాలి. అది సెట్టు మాట్లాడేటప్పుడు లాగే ఆంపియర్లను మోయగలిగేది కావాలి. సంతలో దొరికే ఫోన్ ఛార్జర్ కన్వర్టర్ పనికిరాదు. యాంటెన్నా 160 మెగాహెర్ట్జ్‌కైతే సుమారు 47 సెంటీమీటర్ల కడ్డీ. పొడవుగా ఉంటే దూరం పోతుందని ఎవరైనా ఇనుప చువ్వ అతికిస్తే ఆ పవరు వెనక్కి తిరిగి సెట్టులో పవరు బయటికి పంపే ఫైనల్ ట్రాన్సిస్టర్‌ను తినేస్తుంది. మన ఎండలకు డ్యాష్‌బోర్డు కింద ఉన్న సెట్టు ఎంత కాగుతుందో మీ డ్రైవర్లను అడగండి, గాలి తగిలే చోట బిగించమనండి.

నేను కోరేది ఇంతే: ఈసారి తుంగభద్రకు నీళ్లు రాకముందు, అంటే జూన్‌లోపు, ఏ శాఖ స్టోర్‌లో ఏ మోడల్ సెట్లు ఉన్నాయో ఒక జాబితా తెప్పించండి. వేలం ఫైళ్లు అప్పటిదాకా ఆపండి. మోడల్‌కు ఒక్కటి చొప్పున బెంచ్ మీద పెట్టి, పదహారుకు వస్తుందో రాదో, ఇరుకు ఛానెల్‌కు లొంగుతుందో లేదో తేల్చండి. ముసలి కంప్యూటరు, రిబ్ బాక్సు నా దగ్గర ఉన్నాయి, ఆ పరీక్ష వరకు నేను డబ్బు తీసుకోను. సెట్టు ఫ్రీక్వెన్సీ, పవరు కొలిచే సర్వీస్ మానిటర్, అదీ క్యాలిబ్రేషన్ ఉన్నది (కొలతలు సరిచూసినది) మాత్రం నాలాంటివాడు కొనలేడు. ఏ శాఖ దగ్గరైనా ఉంటే రెండు మూడు రోజులు ఇప్పించండి. పరీక్ష చేసేటప్పుడు మీ శాఖల డ్రైవర్లను కూడా ఇద్దరు ముగ్గురిని పంపండి, అధికారుల కంటే వాళ్లకే సెట్టు ఎక్కడ మొరాయిస్తుందో బాగా తెలుసు.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక వైర్‌లెస్ మెకానిక్